ఆలుచిప్పల్లో లోహ నానో కణాలు: మనం కొలుస్తున్నది దేనిని?

ఆలుచిప్ప మాంసంలో లోహాలను పరీక్షించేటప్పుడు నమూనాను గాఢ నత్రికామ్లంలో పూర్తిగా జీర్ణం చేయడం ప్రయోగశాలల అలవాటు. కిలోకు ఇన్ని మిల్లీగ్రాముల జింకు, ఇన్ని మిల్లీగ్రాముల వెండి అని ఫలితం వస్తుంది. సీసం, కాడ్మియంలకు ఆహార పరిమితులు మొత్తం లోహంపైనే విధించారు గనుక వాటికి అది చాలు. నానో కణాల విషయంలో మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. వెండి, జింక్ ఆక్సైడ్ కణాలను ఆమ్లమే అయానులుగా మార్చివేస్తుంది. ఆ తరువాత ఎంత మంచి యంత్రంతో చూసినా కణం జాడ దొరకదు.

వేరుశనగపై నానో జింక్ ఆక్సైడ్ ప్రయోగాల ఫలితాలను తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు 2012లోనే ప్రచురించారు. ఇటువంటి ద్రావణాలు డెల్టా వరి పొలాలకూ విస్తరిస్తే, మురుగు కాలువల ద్వారా కొంత భాగం సముద్రం వైపు సాగడం సహజం. గౌతమీ గోదావరి పాయలైన కోరింగ, గాడేరు కాకినాడ అఖాతంలో కలుస్తాయి. అక్కడ మత్స్యకారులు ఏరే ఆలుచిప్పలు నీటిలోని రేణువులను వడకట్టుకొని బతికే జీవులు. చేపకు తీసివేసినట్టు వీటికి పేగు తీయరు, మొత్తంగా తింటారు.

కణాన్ని కణంగానే కొలవాలంటే మాంసాన్ని ఎంజైముతోగాని క్షారంతోగాని మృదువుగా జీర్ణం చేసి, బాగా పలుచన చేసి, ఏకకణ ఐసీపీ–ఎంఎస్ యంత్రానికి పంపాలి. కణాలు ఒక్కొక్కటిగా ప్లాస్మాలో ప్రవేశించినప్పుడు ఒక్కొక్క సంకేతం వెలువడుతుంది. సంకేతాల లెక్క కణాల సంఖ్యను, తీవ్రత ద్రవ్యరాశిని తెలుపుతుంది. వ్యాసం మాత్రం కణం గోళాకారమన్న ఊహతో గణించినదే. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో సరిచూడక తప్పదు.

ఈ పద్ధతి అన్ని లోహాలకూ సమానంగా పలకదు. వెండికి బాగా నప్పుతుంది. టైటానియంలో అధికంగా లభించే 48 ఐసోటోపుకు కాల్షియం 48 అడ్డువస్తుంది. చిప్పజీవుల్లో కాల్షియానికి కొదవ లేదు. 47ను ఎంచుకుంటే సంకేతం సుమారు పదో వంతుకు తగ్గి, చిన్న కణాలు కనబడకుండా పోతాయి. పైగా ఒండ్రుమట్టిలోనే సహజ టైటానియం ఉంటుంది. మనకు అత్యవసరమైన జింకే అన్నింటికన్నా కఠినం: దాని కణాలు నీటిలోనే కొంత కరుగుతాయి, కణజాలంలోని సహజ జింకు మిగిలిన సంకేతాన్ని కప్పివేస్తుంది.

కాబట్టి జింకు విషయంలో కణాలు లేవని తేల్చే నివేదికను నేను సులభంగా నమ్మను. నానో ఎరువుల వాడకం పెరగకముందే అఖాతపు ఆలుచిప్పలను ఋతువువారీగా సేకరించి, ఎండబెట్టకుండా గడ్డకట్టించి భద్రపరచడం విశ్వవిద్యాలయాలు ఇప్పుడే చేయవలసిన పని. తెలిసిన పరిమాణపు కణాలను మాంసానికి కలిపి ఎంత శాతం తిరిగి రాబట్టగలిగారో ప్రతి నివేదికలోనూ పేర్కొనాలి. పేగులోని బురద పోవడానికి చిప్పలను శుభ్రమైన సముద్రపు నీటిలో ఎన్ని గంటలు ఉంచారో కూడా తెలపాలి.