తప్పు వేళ్ళది కాదు

మన హాస్టల్లో గిటార్ మీద మోజున్న తమ్ముళ్ళు తక్కువేమీ కాదు. చర్చిలో వాయించే అన్నను చూసి కొందరికి, సినిమా పాటలు విని కొందరికి, సెల్‌ఫోన్లో వీడియోలు చూసి మరికొందరికి ఈ ఇష్టం పుట్టింది. "హాస్టల్ పిల్లలకు గిటార్ ఎందుకు, బుద్ధిగా చదువుకోక!" అనే పెద్దలూ ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. సంగీతం కలిగినవాళ్ళ సొత్తు కాదు. అయితే మొదటి గిటార్ కొనే పద్ధతి మాత్రం మనం మార్చుకోవాలి.

సాధారణంగా జరిగేది ఇదీ. పండక్కి ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలను బతిమాలి, వాళ్ళ కూలి డబ్బుల్లోంచి రెండు మూడు వేలు తెచ్చుకుంటారు. కర్నూలుకు బస్సెక్కి, అంగట్లో ఏది బాగా మెరుస్తుంటే అది కొంటారు. కొన్నాళ్ళు వాయిస్తారు. వేళ్ళు బొబ్బలెక్కుతాయి, శ్రుతి నిలవదు. చివరికి గిటార్ మంచం కిందికి పోతుంది. "ఇది మనకు వచ్చేది కాదులే" అని ఆ పిల్లవాడు తీర్మానించుకుంటాడు.

ఈ చివరి మాటే నన్ను బాధిస్తుంది. ఇంగ్లీషు రాకపోయినా, లెక్క తప్పినా మనం అనుకునేది ఇదే మాట. మనకంటే ముందు ఆ దారిలో నడిచినవాళ్ళు ఇంట్లో లేరు. అందుకే లోపం పనిముట్టులో ఉందో, మనలో ఉందో చెప్పేవాళ్ళుండరు. లోపమంతా మనదేనని నమ్మేస్తాం.

కానీ తప్పెట విషయంలో మన పెద్దలు ఇలా అనుకోరు. తోలు మెత్తబడి తప్పెట మోగకపోతే కొట్టేవాణ్ణి తిట్టరు. గడ్డి మంట వేసి తప్పెటను కాస్తారు. ముందు వాయిద్యాన్ని సిద్ధం చేయాలి, తర్వాతే చేతిని పరీక్షించాలి అన్న జ్ఞానం మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. గిటార్‌కూ అదే వర్తిస్తుంది.

గిటార్‌ను కంటితో కాదు, చేత్తో ఎంచుకోవాలి. తీగలు మెట్ల మీద ఎంత ఎత్తున ఉన్నాయో మొదట చూడండి. 12వ మెట్టు దగ్గర లావు తీగ కింద రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెట్టి సులువుగా దూర్చగలిగితే, ఆ గిటార్ కొత్తవాడి వేళ్ళను ఏడిపిస్తుంది. తర్వాత ఒక తీగను ఊరికే మీటండి. అదే తీగను 12వ మెట్టు దగ్గర నొక్కి మీటండి. అదే స్వరం పై స్థాయిలో పలకాలి. పలకకపోతే ఎంత సాధన చేసినా పాట అపశ్రుతే. ప్రతి మెట్టు దగ్గరా నొక్కి చూడండి, ఎక్కడా గరగరమనకూడదు. చిన్న తరగతుల పిల్లలకు నైలాన్ తీగల గిటార్ మెత్తగా ఉంటుంది. దానికి ఇనుప తీగలు మాత్రం ఎప్పుడూ వేయకూడదు. మంచి గిటార్ మీదైనా మొదట కొన్ని వారాలు వేళ్ళు నొస్తాయి. ఆ నొప్పి తగ్గుతుంది. చెడ్డ గిటార్ పెట్టే బాధ తగ్గదు.

మన ప్రాంతపు ఎండను కూడా లెక్కలో వేసుకోవాలి. ఆరు ఇనుప తీగలు కలిసి సుమారు 60, 70 కిలోల బలంతో గిటార్ మెడను లాగుతుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద పెడితే చెక్క ఎండి, జిగురు వదిలి, మెడ వంగుతుంది. అందుకే మెడ లోపల ట్రస్ రాడ్ అనే సవరించే కడ్డీ ఉన్న గిటారే కొనాలి. దాన్ని సంచిలో పెట్టి నీడన ఉంచాలి.

"మరి నేర్పేవారెవరు?" అని అడగవచ్చు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చిన్ననాడు ఇంట్లో ఉన్న తండ్రి మాండలిన్‌నే చేతికి తీసుకున్నారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే, ఆ పాటను శిష్యుడు తీగల మీద పలికించేవాడు. అంటే పాట ముందు నోటికి రావాలి. పాడే గొంతులు మన హాస్టల్లో కావలసినన్ని ఉన్నాయి.

ఇక డబ్బు సంగతి. చిన్న చిన్న మొత్తాలు కూడబెడితే ఏమవుతుందో మన ఓర్వకల్లు ఆడవాళ్ళు పొదుపు సంఘాలతో దేశానికే చూపించారు. మనమెందుకు ఆ దారిలో పోకూడదు? ఒక్కొక్కరు మూడు వేలు పెట్టి ఐదు చెడ్డ గిటార్లు కొంటే 15 వేలు నేలపాలు. 25 మంది పూర్వ విద్యార్థులు తలా 400 వేస్తే 10 వేలు అవుతాయి. ఆ డబ్బుతో హాస్టల్‌కు ఒక మంచి గిటార్, ఒక జత అదనపు తీగలు, ఒక సంచి సమకూర్చుకోవచ్చు. వంతులవారీగా అందరూ వాయించవచ్చు. చర్చిలోనో, కాలేజీలోనో బాగా వాడిన పాత గిటార్ దొరికినా మంచిదే, కాకపోతే పైన చెప్పిన పరీక్షలన్నీ చేయాలి.

ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు నా మనవి ఒక్కటే. వార్షికోత్సవానికి జ్ఞాపికలు, శాలువాలు తెచ్చే బదులు ఈ ఏడాది ఒక గిటార్ తెండి. తమ్ముళ్ళకు చెప్పేది కూడా ఒక్కటే. మంచి వాయిద్యం చేతికి రాకముందే "నాకు రాదు" అని తీర్పు చెప్పుకోకండి. ఆ మాట అనే ముందు తప్పెటను మంట దగ్గర కాచినట్టు, గిటార్‌ను ఒకసారి సరిచూడండి.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, పి.జి.