మడచెట్టు దాహం, మన దాహం

"అనంతపురం వాళ్లకు మడ అడవుల గోల ఎందుకయ్యా?" అని మిత్రులు నన్నడిగారు. నిజమే, కాకినాడ దగ్గరి కోరింగ మడలెక్కడ, మన ఎర్రనేలలెక్కడ! కాని ఉప్పునీటిలో నిలబడిన చెట్టుకు కాళ్లకింద నీళ్లున్నా తాగడం కష్టమే. అదీ ఒక కరువే.

ఆ చెట్ల ఆకుల్లో, కొమ్మల్లో కంటికి కనబడని బూజులు కాపురముంటాయి. కష్టంలో బతికే చెట్టులోని బూజు కొత్త రసాయనాలు తయారుచేస్తుందని పరిశోధకుల ఆశ. ఆకును స్పిరిట్‌తో, బ్లీచింగ్ ద్రావణంతో పైపైన శుద్ధిచేసి, ముక్కలు కోసి అగార్ మీద పెడితే లోపలి బూజు బయటికొస్తుంది. చివర కడిగిన నీళ్లనూ అగార్ మీద వేసి చూడాలి. అందులో ఏదైనా మొలిస్తే శుద్ధి సరిగా కాలేదన్నమాట. ఆపైన బూజును ఫ్లాస్కులో పెంచి, ఇథైల్ ఎసిటేటుతో సారం తీసి, కాలమ్ మీద ఒక్కొక్క పదార్థాన్నీ వేరుచేస్తారు.

1993లో అమెరికా శాస్త్రజ్ఞులు యూ చెట్టు బెరడులోని బూజులో కాన్సర్ మందు టాక్సాల్ ఉందని ప్రకటించారు. చెట్టును చంపకుండా మందు! అయితే దొరికింది అత్యల్పం. పైగా చెట్టును విడిచిన బూజు తరచు తన విద్య మరచిపోతుంది. అంచేత బూజు కావాలన్నా చెట్టు బతికుండాలి.

మన తంగేడునూ, బలుసునూ ఇలాగే పరీక్షించాలని నా అభిప్రాయం. బెరడు ఒలవక్కరలేదు, పిడికెడు ఆకులు చాలు. మనకు సముద్రం లేదు, సరే. ఓపిక కూడా లేదా?