సున్నం కాల్చిన కంటికి సొంత కణాల చూపు

తాంబూలానికి తెచ్చిన సున్నం పొట్లం పిల్లల చేతిలో చిట్లి కంట్లో పడితే నల్లగుడ్డు అంచునున్న మూలకణాలు కాలిపోవచ్చు. నల్లగుడ్డు పైపొరను జీవితాంతం కొత్తగా పుట్టించేవి అవే. అవి పోతే తెల్లటి పొర కమ్మేసి చూపు మూసుకుపోతుంది.

1997లో ఇటలీ వైద్యులు ఈ కణాలను ప్రయోగశాలలో పెంచి అతికించారు. అందుకు ఖరీదైన ల్యాబు కావాలి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో వీరేందర్ సంగ్వాన్ బృందం ఆ ల్యాబు అవసరాన్నే తీసేసింది. బాగున్న రెండో కంటి అంచు నుంచి ఇంచుమించు రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్నచిన్న తునకలు చేసి, కాన్పు తర్వాత మాయ నుంచి సేకరించిన పొరను దెబ్బతిన్న కంటిపై పరిచి, దాని మీద జిగురుతో అంటిస్తారు. కంటి మీదే కణాలు పెరిగి పరుచుకుంటాయి. 2012లో ఈ పద్ధతిని ప్రచురించారు. దీని పేరు స్లెట్.

ఎవరి కణాలు వారికే గనుక శరీరం తిప్పికొట్టదు. ఒకే ఆపరేషన్‌లో పని అయిపోతుంది. ఇలాంటి చికిత్స హైదరాబాద్‌కు దూరంగా ఉన్న సదుం, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్ల వాసులకు మదనపల్లెలోనే దొరకాలి. అందుకు శిక్షణ పొందిన సర్జన్లను నియమించడం ప్రభుత్వ బాధ్యత.

అంతవరకూ తల్లిదండ్రులు సున్నం పిల్లలకు అందకుండా పెట్టండి. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో నలుసులు పోయేలా అరగంట కడుగుతూనే ఉండండి. తర్వాత కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.