చేతక్, స్ప్లెండర్: ఒక్కటే ఉంచుకోవాలంటే నా ఓటు దేనికి?

ఈసారి ఫోన్లు పక్కన పెట్టి బళ్ల గురించి రాస్తున్నా. కారణం ఉంది. మా ఇంట్లో రెండు పాత బళ్లున్నాయి. నాన్న 1991లో కొన్న బజాజ్ చేతక్, నేను 2001లో కొన్న హీరో హోండా స్ప్లెండర్. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి కదా, రెండింటికీ ఈ ఏడాదే గడువు. పైగా మారబోయే ఇంట్లో ఒక్క బండికే చోటు. నాన్న చేతక్ అంటున్నారు. నా ఓటు స్ప్లెండర్‌కి.

కాగితం మీద ఇది పోటీయే కాదు. చేతక్ 1972లో వచ్చింది. టూ స్ట్రోక్, 145 సీసీ, చేతి గేర్లు. స్ప్లెండర్ 1994లో వచ్చింది. ఫోర్ స్ట్రోక్, 97.2 సీసీ. మైలేజీలో చేతక్ దాని దరిదాపుల్లోకి రాదు. పెట్రోల్‌తో పాటు టూటీ ఆయిల్ ఖర్చు వేరే.

అయితే చేతక్‌ని తక్కువ చేయలేను. గ్యాస్ సిలిండర్ కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చిన బండి అది. చెల్లి ముందు నిలబడితే, అమ్మా నేనూ వెనక. పంక్చరైతే స్టెప్నీ ఉంది, నట్లు విప్పి పది నిమిషాల్లో మార్చేయొచ్చు. స్ప్లెండర్‌ని మాత్రం పంక్చర్ షాపు దాకా తోసుకుంటూ పోవాల్సిందే. నేను తోశాను కూడా!

అసలు ఇబ్బంది పొద్దున్నే మొదలవుతుంది. చేతక్‌ని పక్కకి వంచాలి, చోక్ లాగాలి, కిక్కు మీద కిక్కు కొట్టాలి. అప్పటికీ రాకపోతే ప్లగ్ విప్పి గరుకు కాగితంతో రుద్దాలి. ఈ పని నాన్నకి బాగా వచ్చు, నాకు సగం వచ్చు, మా అబ్బాయికి అస్సలు రాదు. మా వీధి చివరి మెకానిక్ కుర్రాడు బండిని చూసి, "సార్, మా నాన్నని అడగాలి" అన్నాడు. అదే స్ప్లెండర్ అయితే ఏ ఊళ్లో ఆగినా బాగుచేసేవాళ్లున్నారు. ఆ పేరుతో బండి ఇప్పటికీ తయారవుతోంది కాబట్టి మామూలు సామాన్లకి వెతుకులాట లేదు. కొత్త చేతక్ ఎలక్ట్రిక్. పాతదానికి పేరు తప్ప దాన్నుంచి ఒరిగేదేమీ లేదు.

ఇక ఇథనాల్ గొడవ రెండింటికీ ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇంత పాత బళ్లలో రబ్బరు పైపులు, కార్బురేటర్ సీళ్లు అప్పుడప్పుడూ చూపించి మార్పించుకోవడం మేలు.

రంగులేసి మెరిపించిన చేతక్ చూసి మనసు పడితే నాదొక మాట. ముందు దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్‌ని వెతుక్కోండి, తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి. రోజూ ఆఫీసుకి తిరగడానికైతే అసలొద్దు.

చేతక్‌ని ఊళ్లో బాబాయ్ వాళ్ల షెడ్డులో పెడదామని అడిగాను. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే బండి తుడుస్తున్నారు. గడువుకి ఇంకా రెండు నెలలుంది.