ఒక్క చాయ్, రెండు గంటల కుర్చీ

హైదరాబాదులో చదువుకున్న వాళ్లలో చాలామంది రెండుచోట్ల చదువుకున్నారు. ఒకటి కళాశాల, రెండోది ఇరానీ హోటలు. మొదటిదాని గురించి సావనీర్లలో ఏటా రాసుకుంటూనే ఉన్నాం. రెండోదాని గురించి ఈసారి నాలుగు మాటలు.

ఇరాన్‌లోని యజ్ద్ ప్రాంతం నుంచి, బొంబాయి, పూనాల మీదుగా వచ్చిన కుటుంబాలు పెట్టినవే ఈ హోటళ్లలో చాలా భాగం. వీధి మూల అచ్చిరాదని ఇతర వర్తకులు వదిలేసిన చోట్లే వీళ్లకు దొరికాయంటారు. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. సికింద్రాబాదులో ప్యారడైజ్ 1953లో సినిమాహాలు పక్కన చిన్నగా మొదలైంది. మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు కూర్చున్న ఓరియంట్ హోటల్ ఇప్పుడు లేదు.

ఆ చాయ్ తయారీ తీరిక పని. డికాక్షన్ మూతపెట్టిన పాత్రలో సన్నసెగ మీద గంటల తరబడి ఉంటుంది. పాలు వేరే గిన్నెలో మరిగి చిక్కబడతాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఇంత శ్రమపడి చౌకగా అమ్మి, ‘వన్ బై టూ’ చెప్పి రెండు గంటలు కూర్చున్నా లేవమనకపోతే హోటలు వాడికి ఏం గిట్టినట్టు?

కుటుంబ వ్యాపారం గనుక గిట్టింది. గల్లాపెట్టె దగ్గర తండ్రి, భట్టీ దగ్గర బాబాయి, సరుకు తేవడానికి కొడుకు. వాళ్ల చాకిరీకి జీతం లెక్క ఉండదు. మన కవిత్వం, రాజకీయం, ఎలక్షన్ ఎత్తులు అన్నీ ఆ లెక్కలోకి రాని చాకిరీ మీదే సాగాయి. దాన్ని మనం ‘ఇరానీ వాళ్ల మంచితనం’ అనుకుని ఊరుకున్నాం!

ఇప్పుడు స్థలాల ధరలు పెరిగాయి. కొడుకులు గల్లా దగ్గర కూర్చోమంటున్నారు. ఒక హోటలు మూతపడితే ‘అయ్యో, పాత రోజులు పోయాయి’ అని బాధపడతాం. కానీ మనలో ఎంతమందిమి నాన్నగారి వృత్తి చేస్తామంటున్నాం? వాళ్ల పిల్లలు మాత్రం మన జ్ఞాపకాలకు కాపలా కాయాలా?

రక్తసంబంధం ఉంటేనే హోటలు నిలుస్తుందనీ కాదు. రెడ్‌హిల్స్‌లో 1978లో మొదలైన నీలోఫర్‌ను తర్వాత చేతిలోకి తీసుకున్నది అందులోనే పనివాడిగా చేరిన మనిషి. నిలబెట్టేది పని తెలిసిన చెయ్యి, దాని విలువ తెలిసిన గిరాకీ.

అందుకే మిత్రులారా, నాది చిన్న మనవి. గంట దాటి కూర్చుంటే ఇంకో చాయ్ చెప్పండి, ఉస్మానియా బిస్కట్లు తెప్పించండి. కప్పు తెచ్చిన కుర్రాణ్ణి ‘అరే’ అని కాక పేరుతో పిలవండి. ఇన్నాళ్లూ మనం చాయ్‌కే డబ్బులిచ్చాం. కుర్చీ బాకీ అలాగే ఉండిపోయింది.