చల్లంటే అంత చులకనా?

మొన్న మా ఆడపడుచు పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. భోజనాల చివర్న నేను మజ్జిగ వడ్డించబోతే, "వద్దొదినా, వాడికి పడిశం పడుతుంది" అని కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది. అరగంట పోయాక సంచీలోంచి వేలెడంత సీసా తీసి వాడి చేత తాగించింది. ఏమిటమ్మా అదీ అంటే, "రోగనిరోధక శక్తికి. ఇందులో బతికున్న సూక్ష్మజీవులుంటాయి" అంది. అదీ పులియబెట్టిన పాలే సుమండీ! పైగా చక్కెర అదనం.

నాకు ఒళ్లు మండిపోయింది. వారానికోసారి మీగడ పెరుగు చిలికి వెన్న తీస్తానా, మిగిలిన చల్ల అంటే ఇంట్లో అందరికీ చులకనే. సగం కరివేపాకు మొక్క పాలు. అదే సీసాకెక్కితే మందు!

పడిశం తెచ్చేది వైరసుగాని మజ్జిగ కాదు. రోగాలతో పోరాడే కణాల్లో పెద్ద భాగం పేగుల గోడల్లోనే కాపురం ఉంటాయి. మజ్జిగలోని సూక్ష్మజీవులు ఆ వీధినే పోతూ వాటిని పలకరిస్తాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 2021లో ప్రకటించిన పరిశీలనలో, పది వారాలపాటు పెరుగులాంటి పులిసిన పదార్థాలు దండిగా తిన్నవాళ్ల రక్తంలో, ఒంట్లోని వాపుకు సంబంధించిన 19 ప్రోటీన్లు తగ్గాయి. అయితే వాళ్లు తిన్నది ఒక్క మజ్జిగే కాదు. పరిశీలనలో పాల్గొన్న మనుషులూ పట్టుమని నలభైమంది లేరు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా!

(అన్నట్టు, మజ్జిగ పులుసు కాచాక, ఊరమిరపకాయలు వేయించాక ఆ జీవులు బతికుండవు. రుచికోసం తినండి.)

మా మామగారిది, అంటే ఆవిడ కన్నతండ్రిది, ఇంకో తంతు. 2021లో కరోనా టీకాకి రమ్మంటే, "రోజూ మజ్జిగ తాగేవాడికి సూదులెందుకమ్మా? చరకుడంతటివాడే మెచ్చుకున్నాడు" అని మొరాయించారు. మెచ్చుకున్నాడు, కాదనను. కానీ ఏ క్రిమి వచ్చిందో గుర్తుపట్టి దాన్నే ఎదిరించడం టీకా నేర్పే విద్య. అది మజ్జిగకి రాదు. ఆయనకి డెబ్బయ్యారేళ్లు, పైగా షుగరు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. నాలుగు రోజులు మామాకోడళ్లం మాటల్లేకుండా ఉన్నాం. అయిదోనాడు ఆయనే చొక్కా తొడుక్కుని ఆటో పిలవమన్నారు.

తండ్రికి మజ్జిగే సర్వస్వం, కూతురికి మజ్జిగే శత్రువు. మధ్యన కవ్వం పట్టుకుని నేను!

రాత్రి మళ్లీ ముంత పట్టుకుని పిల్లాడి కంచం దగ్గర నిలబడ్డాను. మళ్లీ చెయ్యి అడ్డం వచ్చింది.

"తియ్యవే తల్లీ" అన్నాను.