కాపురానికి కోర్టు పిలుపు

మొన్న పొద్దున శాలిబండలో మా అరుగుమీద కూర్చుని చాయ్ తాగుతూంటే, యెదురింటావిడ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఆమె కూతురు ఆరునెలలుగా పుట్టింట్లోనే వుంటున్నది. అల్లుడు తాగివచ్చి కొట్టేవాడని వీధిలో అందరికీ తెలుసు. యిప్పుడా అల్లుడే, భార్యను కాపురానికి పంపించాలని దావా వేశాడు. ఆమె చేతిలోది కోర్టు సమను.

"అన్నా, పోలీసులొచ్చి బిడ్డను బండెక్కించుకొని పోతరా?" అన్నది. చెయ్యి వణుకుతున్నది.

నేను వకీలును కాను. వకీలు గుమాస్తాగా నయాపూల్ పక్కనున్న హైకోర్టు మెట్లు యెక్కి దిగినవాణ్ణి. అయినా ఆమెకు జవాబు చెప్పగలిగాను. భార్యను కాపురానికి రమ్మని కోర్టు శాసించవచ్చునా అన్న ప్రశ్న 1983లో ఆ గుమ్మటాల కిందే విచారణకు వచ్చింది.

వకీళ్ళు 'సరిత కేసు' అంటారు. ఒక సినీనటిని కాపురానికి రమ్మని భర్త కడప కోర్టులో, హిందూ వివాహచట్టం 9వ సెక్షను కింద దావా వేశాడు. వ్యవహారం అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు యెక్కింది. జస్టిస్ పి.ఎ. చౌదరిగారు ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమన్నారు. తన శరీరం గురించి, బిడ్డను కనడం గురించి ఆడది తీసుకోవలసిన నిర్ణయాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టడం తగదన్నారు. అసలీ ఆనవాయితీ మనకు ఇంగ్లండునుంచి వచ్చింది. అక్కడివారే 1970లో దాన్ని రద్దు చేసుకున్నారు!

కాని 1984లో సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పు సరికాదన్నది. విడిపోయిన దంపతులను కలపడమే సెక్షను వుద్దేశమన్నది. సెక్షను నిలిచింది.

"మరి బిడ్డ పోవాల్నా?"

"అక్కడే వుంది కిటుకు, అమ్మా! డిక్రీ వచ్చినా మనిషిని లాక్కుపోయే అధికారం యెవరికీ లేదు. కావాలని పాటించకపోతే ఆస్తి జప్తు చేయవచ్చు. డిక్రీ తర్వాత యేడాది గడిచినా కాపురం కలవకపోతే, యిద్దరిలో యెవరైనా విడాకులు కోరవచ్చు. డిక్రీ పాటించలేదన్న ఒక్క కారణంతోనే భరణం యెగవెయ్యరాదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. కాని యీ కాగితాన్ని మాత్రం పెట్టెలో దాచకు. హాజరు కాకపోతే డిక్రీ అతనికే దక్కవచ్చు. విడిగా వుండటానికి తగిన కారణం వున్నదని రుజువు చేసే భారం మీ అమ్మాయిదే. మంచి వకీలును చూసుకోండి."

తలుపు చాటునుంచి ఆ పిల్ల బయటికి వచ్చింది.

"ఆ జడ్జిగారి మాట యేడాదే నిలిచిందన్నమాట, మామా?"

"తీర్పు నిలవలేదు, ప్రశ్న నిలిచింది. ఆంతరంగిక జీవితానికి రక్షణ ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు తేల్చారు. 2019లో యీ సెక్షను మీద అక్కడే మళ్ళీ పిటిషను పడింది."

అమ్మాయి తల్లి చేతిలోని సమను తీసుకుని, వాయిదా తేదీ చూసుకున్నది.

"అమ్మా, నువ్వు రాకున్నా సరే. నన్నెందుకు కొట్టిండో నేనే చెప్త" అన్నది.

చట్టం వల్ల యేమౌతుందో చెప్పగలను గాని, ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం యే వకీలు గుమాస్తా రాసిపెట్టలేడు.